కన్నుగారి రంగు గిన్నె

మా బావగారిని బజారులో అందరూ కన్నుగారు అంటారు. వెనకాల పెట్టుకున్న పేరు కాదు, ఎదురుగానే అంటారు. ఆయనకది బిరుదు. ఎవరైనా "కన్నుగారూ" అని పిలిస్తే చాలు, ఆయన మెడ రెండంగుళాలు సాగుతుంది. కళ్ళు నెత్తికెక్కినవాళ్ళని చాలామందిని చూశానుగానీ, పనిగట్టుకుని కంటిని నెత్తిన పెట్టుకుని ఊరేగిన మనిషిని ఈయన్నొక్కరినే చూశాను.

నేను ఆయన తమ్ముడి భార్యని. పెళ్ళై ఈ ఇంట్లో అడుగుపెట్టిన రోజున అందరూ నా ముఖం చూశారు. ఆయన మాత్రం నా కాళ్ళు చూసి, చేతిలో సంచి చూసి, "సంచికీ చెప్పులకీ రంగు కలవలేదమ్మాయ్" అన్నారు. రెండూ గోధుమరంగువే. ముచ్చటపడి ఒకే కొట్లో కొనుక్కున్నవి. ఇప్పటికి పంతొమ్మిదేళ్ళయింది, ఆ మాట నేను మరిచిపోలేదు. ఆయనన్నది నిజమేనని తెలిసినందుకు ఇంకా మరిచిపోలేదు.

మాది తోలు బెల్టులూ, తుపాకీ ఒరలూ చేత్తో చేసే దుకాణం. కాపలావాళ్ళు, పోలీసులు, వేటగాళ్ళు మా ఖాతాదారులు. ఒకదాని వెనక ఒకటిగా మూడు గదులు. ముందు గదిలో అమ్మకం. అక్కడ మా అక్క, అంటే బావగారి భార్య, బెల్టుల అంచులకి మైనం పట్టించి గుడ్డతో రుద్దుతూ కూర్చుంటుంది. నడిమి గదిలో మా ఆయన తోలు కోస్తారు, నేను కుడతాను. వెనక గది రంగుది. దానికి ఉత్తరం వైపు ఒకటే కిటికీ. కిటికీ కింద రాతి బల్ల, బల్ల మీద అంచు పెచ్చులూడిన తెల్ల పింగాణీ గిన్నె. రంగు కలిపేది అందులోనే. ఆ గిన్నెని బావగారు తప్ప ఇంకొకరు ముట్టుకోకూడదు.

నాకు ఆ గిన్నె కావాలి. ఇందులో దాచుకునేదేమీ లేదు. మా నాన్న ఇళ్ళకి రంగులు వేసేవాడు. అక్షరాలకంటే ముందు నాకు రంగులు పట్టుబడ్డాయి. ఈ ఇంటికి వచ్చిన మూడో ఏట ఒకసారి, "బావగారూ, నేనూ కలపడం నేర్చుకుంటాను" అన్నాను. ఆయన నవ్వారు. ఆ నవ్వుకంటే నాలుగు తిట్లు నయం. "నేర్చుకునేది కాదమ్మాయ్, పుట్టుకతో రావాలి. ఈ కన్ను నాతో వచ్చింది, నాతోనే పోతుంది" అన్నారు. మా ఆయన అక్కడే ఉన్నారు. నోట్లో నాలుక లేని మనిషి. అన్నగారు పగలుని రాత్రంటే దీపం వెతికే రకం.

రంగు కలపడం ఎందుకంత పెద్ద పనో బయటివాళ్ళకి తెలియదు. బెల్టుని వీపు తోలులోంచి కోస్తారు, పొడుగ్గా తిన్నగా వస్తుందని. ఒరని భుజం తోలులోంచి కోస్తారు, వంచితే మాట వింటుందని. వీపు తోలు గట్టిది, రంగు తక్కువ తాగుతుంది. భుజం తోలుకి దాహం ఎక్కువ. ఒకే గిన్నెలోంచి పూసినా రెండూ రెండు రంగులు తేలతాయి. తడిమీద ఒక రంగు, ఆరాక ఒక రంగు, నూనె పట్టించాక మరొకటి. తీరా రెండూ ఒకే నడుము మీద పక్కపక్కనే ఉంటాయి కాబట్టి, వెంట్రుకంత తేడా వచ్చినా దారినపోయేవాడికి కూడా తెలిసిపోతుంది.

బావగారి పద్ధతి చూస్తే మీకు నవ్వొస్తుంది. రేకు డబ్బాలో గుడ్డలో చుట్టి ఒక తోలు ముక్క ఉంది, వాళ్ళ నాన్నగారి నాటిది, చింతపిక్క రంగుది. దాన్ని తల్లి ముక్క అంటారు. మా దుకాణం సరుకంతా దానికి కలవాలి. ఆయన పొద్దున్నే గిన్నెలో ఎరుపు, పసుపు, నీలినలుపు కలుపుతారు. ఒక పనికిరాని ముక్క మీద పూసి, బల్బు దగ్గర ఆరబెట్టి, దాన్ని నాలుకతో తడుపుతారు. తల్లి ముక్కని కూడా నాలుకతో తడుపుతారు. తడికి తడి, పొడికి పొడి చూస్తేనే లెక్క తేలుతుందట. తండ్రీ కొడుకులు కలిసి యాభై ఏళ్ళుగా నాకుతున్న ముక్కని అంత భక్తిగా గుడ్డలో చుట్టి పెట్టడం నేనింకెక్కడా చూడలేదు. ఎన్ని చెంచాలు వేశారో రాసిపెట్టుకోవచ్చు కదా అంటే, "రాసుకునేది కన్ను లేనివాళ్ళు" అనేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు.

ఆరేళ్ళ కిందట ఒకరోజు భోజనాలకి ముందు చెత్తబుట్టలో ఆయన పారేసిన ముక్క కనిపించింది. వంకాయ రంగులో ఉంది. చింతపిక్క రంగుకి ఎరుపూ పసుపూ నలుపూ కావాలిగానీ ఊదా ఎక్కడిది? గిన్నెలోకి తొంగిచూశాను. గిన్నెడు వంకాయ రంగు. పక్కనే ఉన్న ఆయనతో చెప్పాను.

"బావగారూ, ఇవాళ రంగు కాస్త ఊదాగా ఉంది."

ఆయన తలెత్తలేదు. "కుట్టుపని చూసుకో అమ్మాయ్. రంగు సంగతి నేను చూసుకుంటాను."

సరే అనుకున్నాను. మధ్యాహ్నం భోజనం కాగానే ఆయన నడిమి గదిలో తోలు చుట్టల మీద ముఖాన తువాలు కప్పుకుని గంటసేపు పడుకుంటారు. లేచాక ఆ గిన్నెలో రంగే సరుకుకి పూస్తారు, మళ్ళీ పరీక్ష చెయ్యరు. ఆయన గురక మొదలవగానే వెనక గదిలోకి వెళ్ళి, పసుపు రంగు సీసాలోంచి చెంచా నిండా తీసి గిన్నెలో కలిపాను. ఊదా విరిగింది. ఇంకో చెంచా వేశాను. చింతపిక్క వచ్చింది. ఆయన లేచి, గిన్నెలోకి చూసి, ఏమీ అనకుండా పూసుకుంటూ పోయారు. ఆయన కంటికి తేడా తెలియలేదు.

అప్పుడు నాకర్థమైంది. ఆయన కంటికి పసుపు పొర కమ్మింది. తల్లి ముక్కతో సహా లోకమంతా పచ్చగా కనిపిస్తోంది కాబట్టి, నీలినలుపు ఎంత పడిందో తెలియక దట్టించేస్తున్నారు. నేను పసుపు ఎంత కలిపినా, అది ఆయనకి కనబడే పచ్చలోనే కలిసిపోతోంది. ఊరంతటికీ కన్ను అయిన మనిషికి కన్ను లేదు. ఆ సంగతి ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు. ఆ సాయంత్రం నేను ఎంత సంతోషంగా కుట్టానో చెప్పలేను.

అలా ఆరేళ్ళు గడిచాయి. వారానికి రెండు రోజులు రంగు, రెండు రోజులూ గురక, రెండు రోజులూ నా చెంచా. కొన్నాళ్ళకి గిన్నె రంగు చూసి ఎన్ని చెంచాలో చెయ్యే చెప్పేసేది. సరుకు వెళ్ళేది, మెప్పు వచ్చేది, మెడ సాగేది. "కన్నుగారి చేతిలో పడితే రంగుకి తిరుగులేదు" అని ఎవరైనా అంటే, ఆయన కళ్ళు సగం మూసుకుని వినేవారు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడం అంటే అదేననుకుని నేను లోపల నవ్వుకునేదాన్ని. ఆయన నన్ను వెక్కిరించిన ఒక్కో మాటకీ గిన్నెలో ఒక్కో చెంచా జమ. మా ఆయనకి కూడా చెప్పలేదు. చెబితే అన్నగారి ముఖం చూడగానే కక్కేస్తారు.

ఈ ఏడాది ఒక కాపలా కంపెనీ సూపర్‌వైజరు వచ్చి అరవై బెల్టులూ అరవై ఒరలూ చెప్పాడు. ముందు బెల్టులు, నెల పోయాక ఒరలు. కంపెనీ పెద్దల ముందు అరవైమందీ వరసగా నిలబడాలట, ఒక్కడి నడుము కూడా వేరేగా కనబడకూడదట. బావగారు, "నా కన్ను ఉండగా నీకెందుకయ్యా భయం" అన్నారు. అరవై బెల్టులకి రంగు కలిపారు. నేను మూడు చెంచాలు పసుపు వేశాను. బెల్టులు వెళ్ళిపోయాయి.

ఒరలు మొదలుపెట్టేలోపు ఒక తమాషా జరిగింది. ముందు గదిలో బెల్టులు తగిలించడానికి ఒక చెక్క బొమ్మ ఉంది, తలా చేతులూ లేని మొండెం. ఒక ఉదయం బావగారు దాని ముందు ఆగి, "ఎంతసేపని నిలబడతావయ్యా, ఏం కావాలో చెప్పు" అన్నారు. బొమ్మ చెప్పలేదు. ఆయనకి కోపం వచ్చింది. "మాట్లాడవేం?" అని గద్దించారు. అక్క చేతిలోని మైనం కింద పెట్టి, ఆయన రెక్క పట్టుకుని తిన్నగా కంటి ఆసుపత్రికి లాక్కుపోయింది. రెండు కళ్ళలోనూ శుక్లం ముదిరిపోయిందన్నారు. ముందు కుడి కంటికి ఆపరేషన్ చేసి, ఎడమది నెల తర్వాత చూద్దామన్నారు.

కట్టు విప్పిన రోజు ఇంట్లో పెద్ద నాటకం. "గోడలకి ఎప్పుడు సున్నం వేయించారు?" అని అడిగారు. వేయించి ఎనిమిదేళ్ళు. అక్కని చూసి, "జుట్టు ఎప్పుడు తెల్లబడిందే?" అన్నారు.

"మీ తమ్ముడి పెళ్ళినాటి నుంచీ తెల్లబడుతూనే ఉంది. మీకు తోలు తప్ప ఏం కనిపించింది గనక" అంది అక్క.

నేను నవ్వాను. అక్క కూడా నవ్వింది. ఆయన మాత్రం కిటికీ దగ్గర నిలబడి, తన అరచేతుల్ని అటూ ఇటూ తిప్పి చాలాసేపు చూసుకున్నారు.

పది రోజుల తర్వాత ఒరలకి రంగు కలపడానికి కూర్చున్నారు. మా ఆయన తోలు కొనడానికి వెళ్ళారు. అక్క ముందు గదిలో ఉంది. బావగారు తల్లి ముక్క తీసి, కొత్త కంటితో చూసి, కలిపి, ఆరబెట్టి, నాకి, మళ్ళీ కలిపి, మధ్యాహ్నానికి ముగించారు. భోంచేసి పడుకున్నారు. గురక మొదలైంది.

ఇక్కడ నేను చేసిన పని తలుచుకుంటే నా నెత్తి నేనే మొట్టుకోవాలనిపిస్తుంది. సూది పక్కన పెట్టి, లేచి, వెనక గదికి వెళ్ళి, సీసా మూత తీసి, రెండు చెంచాలు పసుపు గిన్నెలో వేసి, కలిపి, వచ్చి కూర్చున్నాను. ఆయనకి ఇప్పుడు కన్నుందని ఒక్క క్షణం కూడా తట్టలేదు. గిన్నె రంగైనా చూడలేదు. ఆరేళ్ళుగా గురక వినగానే లేచే కాళ్ళు లేచాయి, అంతే.

ఆయన లేచి లోపలికి వెళ్ళారు. కాసేపటికి పిలుపు వచ్చింది.

"అమ్మాయ్."

వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను.

"ఇందులో పసుపు ఎవరు కలిపారు?"

సీసా ఒలికిందనవచ్చు. పిల్లి దూకిందనవచ్చు. "నేనే" అన్నాను.

"ఎందుకు?"

ఈ ప్రశ్న కోసం ఆరేళ్ళుగా జవాబు సిద్ధం చేసి పెట్టుకున్నాను. అందులో సంచీ ఉంది, చెప్పులున్నాయి, ఆయన నవ్విన నవ్వుంది, కన్ను పుట్టుకతో రావాలన్న మాటుంది. తీరా నోరు తెరిస్తే వచ్చింది ఒకటే మాట. "అలవాటు బావగారూ."

"ఎన్నాళ్ళ అలవాటు?"

"ఆరేళ్ళు."

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది, నేనూ అరిచేదాన్ని. పొద్దున బుట్టలో పడేసిన ముక్క తీసి, దాని పక్కన మరో ముక్క మీద నా పసుపు కలిసిన రంగు పూసి, బల్బు దగ్గర ఆరబెట్టారు. రెండూ కిటికీ వెలుతురులో పెట్టి, ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని చూశారు. తర్వాత కుడి కన్ను మూసుకుని చూశారు. మళ్ళీ ఎడమది మూశారు. అలా నాలుగైదుసార్లు చేశారు. కొత్త కంటికి రెండు రంగులు, పాత కంటికి ఒకటే మసక. నేను నోటితో చెప్పినా నమ్మే మనిషి కాదు, తన కన్నే తనకి చెప్పింది.

గోడకి ఒక తీగ ఉంది. చేసిన ప్రతి పనిలోంచీ ఒక అంచు ముక్క ఆ తీగకి గుచ్చడం మా దుకాణం అలవాటు. ఆయన తీగ మొత్తం దింపి, ఆరేళ్ళ ముక్కలన్నీ బల్ల మీద పరిచి, తల్లి ముక్కని వాటి పక్కన పెట్టారు. ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చారు. నేను కాళ్ళు పీకుతున్నా కదల్లేదు.

"తప్పే" అన్నారు చివరికి. "తల్లి ముక్కకంటే ఒక పాలు పసుపు ఎక్కువ. అన్నిట్లోనూ."

నా ఒళ్ళు మండింది. ఈ మనిషి చావనైనా చస్తాడుగానీ ఒప్పుకోడు అనుకున్నాను.

"కానీ ఆరేళ్ళూ ఒకే తప్పు" అన్నారు, ముక్కల మీంచి చెయ్యి తీయకుండా. "దీనికీ దానికీ తేడా లేదు. నేను గిన్నెలో రోజుకో రకం చెత్త కలిపిపెడితే, అందులోంచి ఇలా తియ్యడం మాటలు కాదు. మా నాన్నకి కూడా చేతకాదు."

తోలుకి అంటిన రంగు గురించి తప్ప మనుషుల గురించి ఆయన నోట ఒక మంచి మాట వినడం నాకదే మొదలు. ఎటు చూడాలో తెలియక గిన్నెలోకి చూశాను.

"నాకు చెప్పాల్సింది" అన్నారు.

"చెప్పాను బావగారూ. కుట్టుపని చూసుకోమన్నారు."

"ఎన్నిసార్లు చెప్పావు?"

"ఒకసారి."

ఆయన మేం చేసిన బెల్టుల్లో సూపర్‌వైజరు నమూనాకి ఉంచిపోయినదాన్ని తీసి ముక్కల పక్కన పెట్టారు. అరవై బెల్టులు నా తప్పు రంగులో బయటికెళ్ళిపోయి ఉన్నాయి. ఆయన కలిపిన ఒప్పు రంగుతో ఒరలు చేస్తే అరవై నడుములూ రెండేసి రంగుల్లో నిలబడతాయి. గిన్నెలోది పారబోసి, కడిగి, బల్ల మీద నా వైపు పెట్టి, ఆయన పక్కకి జరిగారు.

సాయంత్రం మా ఆయన రాగానే, "ఇక రంగు అమ్మాయి వేస్తుందిరా. నాకు నడుము పట్టేస్తోంది" అన్నారు. ఎందుకని మా ఆయన అడగలేదు, ఎప్పుడడిగారు గనక. ఆ మర్నాటి నుంచి కన్నుగారు ముందు గదిలో అక్క పక్కన కూర్చుని బెల్టుల అంచులు రుద్దడం మొదలుపెట్టారు. ఎంత అసహ్యంగా రుద్దేవారంటే, అక్క వాటిని తీసుకుని మళ్ళీ రుద్దుకునేది. పని మధ్యలో లేచి వెళ్ళి మరీ ఆ దృశ్యం చూసి వచ్చేదాన్ని. నా కడుపు నిండేది.

ఒరలు సిద్ధమయ్యాక సూపర్‌వైజరు వచ్చి, బెల్టూ ఒరా వీధి గుమ్మంలో పక్కపక్కన పట్టుకుని చూశాడు. "కన్నుగారి కన్నంటే కన్నే" అన్నాడు.

"రంగు నాది కాదయ్యా, మా మరదలిది" అన్నారు బావగారు.

వాడు పెద్ద జోకు విన్నట్టు నవ్వి, ఒరలు పెట్టెల్లో సర్దించుకుని వెళ్ళిపోయాడు. లోకంలో వెధవలకి కొదవా? నేను గుమ్మం దాకా వెళ్ళి వాడి వీపుకేసి చూసి వచ్చాను.

మర్నాడు అక్కా, ఆయనా ఎడమ కన్ను చూపించుకోవడానికి ఆసుపత్రికి వెళ్ళారు. మధ్యాహ్నం దాటాక తిరిగొచ్చారు. నేను వెనక గదిలో ఏదో చిన్న పనికి రంగు కలుపుతున్నాను. అక్క తిన్నగా నా దగ్గరికే వచ్చి, కిటికీ పక్కన పీట మీద కూలబడింది.

"ఆ కంటికి ఇక చేసేదేమీ లేదటే" అంది. "శుక్లం ఎప్పుడో తీసేయాల్సిందట. ముదిరి ముదిరి, కంట్లో ఒత్తిడి పెరిగి, లోపల నరాన్ని చంపేసిందట. ఉన్న మసక కూడా ఎన్నాళ్ళుంటుందో చెప్పలేమన్నాడు. అయిదారేళ్ళ కిందట ఎవరైనా తీసుకొచ్చి ఉంటే రెండు కళ్ళూ నిలిచేవట. ఇంట్లో ఇంతమంది ఉండి ఒక్కరూ గమనించలేదా అని డాక్టరు నన్ను పట్టుకుని తిట్టాడు." కొంగుతో ముఖం తుడుచుకుంది. "తిట్టడూ మరి. ముప్ఫై ఏళ్ళు కాపురం చేశాను, మొగుడికి కళ్ళు కనబడ్డంలేదని నాకు తెలియలేదు. నాకంటే గుడ్డిది ఇంకెవరుంటారు?"

బావగారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. నన్ను చూస్తున్నారు. మిగిలిన ఆ ఒక్క కంటితో. చెప్పేస్తారనుకున్నాను. చెప్పడానికి ఆయనకి హక్కుంది. "ఇదిగో, తెలిసినావిడ నీ పక్కనే ఉంది" అంటే చాలు.

"ఊరుకోవే" అన్నారు అక్కతో. "ఎవరికైనా ఎలా తెలుస్తుంది? నేను తెలియనిచ్చానా?"

ఆ మాట అనేసి ముందు గదిలోకి వెళ్ళి, అంచులు రుద్దే గుడ్డ తీసుకుని కూర్చున్నారు.

ఆయన మీద పంతొమ్మిదేళ్ళుగా కూడబెట్టుకున్న మాటలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో ఒక్కటీ ఇక్కడ పనికిరాదు. గర్వం ఆయనదే కావచ్చుగానీ, ఆ కన్ను ఆరిపోతుంటే ఆరేళ్ళు పక్కన కూర్చుని వినోదం చూసింది నేను. ఒకసారి చెప్పాను, కసిరారు. రెండోసారి చెప్పడానికి నాకేమైంది? అక్కకి చెవిలో ఒక్క మాట వేస్తే ఆ రోజే రెక్క పట్టుకుని లాక్కుపోయేది కదా.

అక్క ఇప్పటికీ రోజుకొకసారైనా తనని తాను తిట్టుకుంటుంది. నేను పక్కనే ఉంటాను. "నీ తప్పు కాదక్కా, నాకు తెలుసు, ఆరేళ్ళుగా తెలుసు" అని చెప్పాలి. ఇంకా చెప్పలేదు.